అమలాపురం నుంచి డల్లాస్‌కు ఎంత దూరం, ఎంతసేపు? ఇంట్లో కూర్చుని లెక్క కట్టే పద్ధతి

సఖినేటిపల్లి రేవులో నిలబడితే ఎదురుగా నరసాపురం కనబడుతూనే ఉంటుంది. పంటు ఎక్కితే గోదావరి పాయ వశిష్ఠ దాటి కాసేపట్లో అవతలి గట్టు మీద టీ తాగొచ్చు. వరదొచ్చి పంటు ఆపేశారనుకోండి, అదే నరసాపురానికి చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవాలి. ఊరు అంగుళం కూడా జరగలేదు. దూరం మాత్రం పెరిగింది, టైం అంతకన్నా పెరిగింది.

రేవు దూరం వేరు, రోడ్డు దూరం వేరు అని కోనసీమలో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. విమానం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది మర్చిపోతాం. అమ్మాయి పురిటికి డల్లాస్ వెళ్లాలి, "ఎంత దూరమండీ?" అని నలుగురిని అడిగితే ఒకాయన 13 వేల కిలోమీటర్లంటాడు, ఒకాయన పద్నాలుగున్నర వేలంటాడు, ఇంకొకాయన "తొమ్మిది వేలే కదండీ" అంటాడు. ఎంతసేపు అంటే 16 గంటలని ఒకరు, 23 గంటలని ఒకరు, "రెండు రోజులు పోతాయమ్మా" అని ఇంకొకరు. తమాషా ఏమిటంటే వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకరు రేవు దూరం చెబుతున్నారు, ఒకరు రోడ్డు దూరం చెబుతున్నారు, ఒకరు పంటు మీద ఉన్నంతసేపు మాత్రమే లెక్కేస్తున్నారు.

ఈ లెక్క మీరే కట్టుకోవచ్చు. పిల్లల గ్లోబు, పూలు కట్టే దారం, స్కేలు, ఫోన్‌లో కాలిక్యులేటర్, చేతిలో టికెట్టు ఉంటే చాలు. గంట పని. నేను డల్లాస్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. మధ్యలో కువైట్ కూడా వస్తుంది, ఎందుకంటే మన ఊళ్ల నుంచి అటు వెళ్లినవాళ్లు తక్కువేం కాదు, పైగా ఆ లెక్క తీరు వేరు.

1. ఊరిని వదిలి ఎయిర్‌పోర్టును పట్టుకోండి

విమానం అమలాపురం నుంచి లేవదు, డల్లాస్‌లో అమ్మాయి ఇంటి ముందు దిగదు. కాబట్టి దూరం ఎప్పుడూ ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకు కొలవాలి. ఒక్కోదానికి అక్షాంశం, రేఖాంశం రాసుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో ఆ చోట వేలు నొక్కి పట్టుకుంటే అంకెలు వస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. రేఖాంశం ముందు మైనస్ గుర్తు ఉంటే అది పశ్చిమం.

మన లెక్కకు కావలసినవి ఇవి. రాజమండ్రి మధురపూడి ఎయిర్‌పోర్టు: 17.1 ఉత్తరం, 81.8 తూర్పు. హైదరాబాద్ శంషాబాద్: 17.2 ఉత్తరం, 78.4 తూర్పు. డల్లాస్ ఫోర్ట్‌వర్త్: 32.9 ఉత్తరం, 97 పశ్చిమం. కువైట్: 29.2 ఉత్తరం, 48 తూర్పు.

అమలాపురం 16.6 ఉత్తరం, 82 తూర్పు. దీన్ని కూడా ఓ మూల రాసి పెట్టుకోండి, తర్వాత ఒక సరదా ఉంది.

2. గ్లోబు మీద దారం లాగండి

ముందు భూమధ్యరేఖ చుట్టూ దారం చుట్టి, దాన్ని విప్పి స్కేలు మీద కొలవండి. భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కిలోమీటర్లు. మీ గ్లోబు అడ్డుకొలత 30 సెంటీమీటర్లయితే దారం 94 సెంటీమీటర్లు వస్తుంది. 40,000ను 94తో భాగిస్తే 425. అంటే మీ గ్లోబు మీద ఒక సెంటీమీటరు 425 కిలోమీటర్లన్నమాట. చిన్న గ్లోబయితే ఈ అంకె పెద్దదవుతుంది, పద్ధతి మారదు.

ఇప్పుడు దారం ఒక చివర హైదరాబాద్ మీద బొటనవేలితో నొక్కి, రెండో చివర డల్లాస్ మీద పెట్టి బిగించి లాగండి. ఎవరైనా మొదటిసారి దారాన్ని అరేబియా, ఐరోపా, అట్లాంటిక్ మీదుగా పెడతారు. గోడ మీది మ్యాపు మనకు నేర్పిన దారి అదే. కానీ బిగించేకొద్దీ దారం అక్కడ నిలవదు, పైకి జారిపోతుంది. జారి జారి గ్లోబు నెత్తి మీది మేకు దగ్గర ఆగుతుంది. ఆ మేకు అడ్డమొచ్చి విసుగ్గా ఉంటుంది, నిజమే. కానీ చూడవలసింది అదే. మన దగ్గర నుంచి డల్లాస్‌కు దగ్గరి దారి పడమరకు కాదు, నేరుగా ఉత్తరానికి. ఉత్తర ధ్రువం పక్క నుంచి.

దారం పొడవు 34 సెంటీమీటర్లు వస్తుంది. 34 × 425 = 14,450 కిలోమీటర్లు. ఇదీ రేవు దూరం.

గోడ మ్యాపును ఇంత దూరాలకు నమ్మొద్దు. గుండ్రటి భూమిని చదును చేయాలంటే ధ్రువాల దగ్గర సాగదీయక తప్పదు. బడిలో చూసిన మ్యాపుల్లో చాలావాటిలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు.

3. దారం చెప్పింది నిజమేనా అని కూడికతో చూసుకోండి

అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ధ్రువం దాకా 90 − 17.2 = 72.8 డిగ్రీలు. ధ్రువం నుంచి అవతలి వైపు దిగి డల్లాస్ దాకా 90 − 32.9 = 57.1 డిగ్రీలు. రెండూ కలిపితే 129.9. దాన్ని 111తో గుణిస్తే 14,419 కిలోమీటర్లు. దారం లెక్కకు, దీనికి తేడా 31 కిలోమీటర్లు. పూలదారానికి ఆ మాత్రం క్షమించొచ్చు.

ఈ సులువు కూడిక ఎప్పుడు పనికొస్తుందంటే, ఒక ఊరి తూర్పు రేఖాంశం, రెండో ఊరి పశ్చిమ రేఖాంశం కలిపితే 180కి దగ్గరగా వచ్చినప్పుడు. హైదరాబాద్, డల్లాస్‌లకు 78.4 + 97 = 175.4. చాలా దగ్గర. ఇప్పుడు మూల రాసుకున్న అమలాపురం తీయండి. 82 + 97 = 179! ఇంతకన్నా ఎదురెదురుగా ఉండడం కష్టం. అమలాపురం నుంచి ముక్కుసూటిగా ఉత్తరానికి బయల్దేరారనుకోండి. బిలాస్‌పూర్, అయోధ్యల పక్క నుంచి పోయి, నేపాల్, టిబెట్ దాటి, సైబీరియాలో నొవోసిబిర్స్క్‌ను ఒరుసుకుంటూ మంచు సముద్రంలోకి వెళ్తారు. ధ్రువం దాటాక అదే గీత కెనడాలోకి దిగి, విన్నిపెగ్ మీదుగా, ఓక్లహోమా మీదుగా డల్లాస్ చేరుతుంది. ఎక్కడా మలుపు లేదు. మన ఊరి రేఖాంశం, వాళ్ల రేఖాంశం దాదాపు ఒకే చుట్టులో రెండు సగాలు. అందుకే హైదరాబాద్‌కు అంత తూర్పున ఉన్నా, డల్లాస్‌కు అమలాపురం దూరం హైదరాబాద్ కన్నా వంద కిలోమీటర్ల లోపే ఎక్కువ.

ధ్రువం మీదుగా విమానాలు పోవడం కట్టుకథేం కాదు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా మొదటి నాన్‌స్టాప్ విమానం అలాగే వచ్చింది. దూరం సుమారు 14,000 కిలోమీటర్లు. నడిపినవాళ్లంతా ఆడవాళ్లే, కెప్టెన్ జోయా అగర్వాల్, ఆమెతోపాటు పాపగారి తన్మయి, మరో ఇద్దరు.

4. కువైట్ లాంటి దగ్గరి ఊళ్లకు వేరే లెక్క

గల్ఫ్ ఊళ్లకు ధ్రువం కూడిక పనికిరాదు. అక్కడ ఎనిమిదో తరగతి పైథాగరస్ చాలు.

హైదరాబాద్, కువైట్ అక్షాంశాల తేడా 12 డిగ్రీలు. 12 × 111 = 1,332. రేఖాంశాల తేడా 30.4 డిగ్రీలు. కానీ ఇక్కడ 111తో గుణిస్తే తప్పు. బత్తాయి తొన నడుమ వెడల్పుగా, కొసకు పోయేకొద్దీ సన్నగా ఉంటుంది చూడండి, రేఖాంశాల మధ్య జాగా కూడా అంతే. రెండు ఊళ్లకు మధ్యలో ఉన్న అక్షాంశం 23 డిగ్రీలు. అక్కడ రేఖాంశంలో ఒక డిగ్రీ సుమారు 102 కిలోమీటర్లే. (ఫోన్ కాలిక్యులేటర్‌లో 23కి కాస్ నొక్కి 111తో గుణిస్తే వచ్చేది ఇదే.) 30.4 × 102 = 3,101. ఇప్పుడు రెండింటి వర్గాలూ కూడి వర్గమూలం తీయండి. 3,375 కిలోమీటర్లు వస్తుంది. అసలు దూరం 3,370 చుట్టుపక్కలే. నాలుగైదు వేల కిలోమీటర్ల దాకా ఈ పద్ధతి బాగానే నిలుస్తుంది. ఆపైన దారాన్నే నమ్ముకోండి.

రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కయితే ఇంత కూడా అక్కర్లేదు. రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. 3.4 డిగ్రీల తేడా, డిగ్రీకి 106 చొప్పున 360 కిలోమీటర్లు.

5. ఇప్పుడు టికెట్టు తీసి రోడ్డు దూరం కట్టండి

ఇది రాసేనాటికి హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు నాన్‌స్టాప్ విమానం లేదు. ఎక్కడో ఒకచోట దిగి మారాల్సిందే. కాబట్టి మీ టికెట్టులో ఉన్న ఒక్కో అంగకు దూరం విడిగా కట్టి కూడాలి.

దుబాయ్ మీదుగా అయితే హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550, దుబాయ్ నుంచి డల్లాస్ 12,920. మొత్తం 15,470 కిలోమీటర్లు. దోహా మీదుగా అయితే 2,910, 12,740 కలిసి 15,650. లండన్ మీదుగా అయితే 7,750, 7,630 కలిసి 15,380. లండన్ అంటే చుట్టుదారి అనుకుంటాం, దుబాయ్ దారి కన్నా అది పిసరు దగ్గరే. అసలు వీటిలో ఏదీ పెద్ద చుట్టు కాదు. రేవు దూరం 14,420 అయితే పెరిగింది వెయ్యి కిలోమీటర్ల చిల్లర. చించినాడ చుట్టు దీనికన్నా ఘోరం.

మొదట్లో ముగ్గురు మూడు అంకెలు చెప్పారు కదా, ఇప్పుడు తెలిసిపోతుంది. పద్నాలుగున్నర వేలన్నాయన గూగుల్‌లో సరళరేఖ దూరం చూశాడు. 13 వేలన్నాయనకు దుబాయ్ నుంచి ఎక్కిన పెద్ద విమానమే గుర్తుంది. తొమ్మిది వేలన్నాయన కొడుకు అమెరికాలో ఉంటాడు, మైళ్లలో చెప్పాడు. మైలుకు 1.609 కిలోమీటర్లు. 14,420 కిలోమీటర్లంటే సుమారు 8,960 మైళ్లు. విమానాలవాళ్ల మైలు మళ్లీ వేరు, అది 1.852 కిలోమీటర్లు. అక్షాంశంలో ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక భాగం అది. వెబ్‌సైట్లలో దూరం చూసేటప్పుడు అంకె పక్కన ఏం రాసిందో ఒకసారి చూడండి, సగం గొడవలు అక్కడే.

విమానం ఈ గీతల మీద కూడా అచ్చంగా పోదు. 2022లో రష్యా తన గగనతలాన్ని అమెరికా, ఐరోపా యూనియన్ విమానాలకు మూసేసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన దేశపు విమానాలకు మూసింది. ఏ కంపెనీ విమానం అన్నదాన్ని బట్టి ఒకే రెండు ఊళ్ల మధ్య దారి, టైం మారిపోతాయి. అందుకే ఎప్పుడో వెళ్లొచ్చిన చుట్టాల అనుభవం మీ టికెట్టుకు సరిపడకపోవచ్చు.

6. కిలోమీటర్లను గంటల్లోకి మార్చండి

పెద్ద జెట్ విమానం పైన 10, 12 కిలోమీటర్ల ఎత్తులో గంటకు దాదాపు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. మీరు 850తో భాగించి, పైన అరగంట కలపండి. ఆ అరగంట నేల మీద పాకడానికి, ఎక్కడానికి, దిగడానికి.

కువైట్: 3,375 ÷ 850 ≈ 4 గంటలు, పైన అరగంట, నాలుగున్నర. దుబాయ్: 2,550 ÷ 850 = 3, మూడున్నర. దుబాయ్ నుంచి డల్లాస్: 12,920 ÷ 850 = 15.2, అరగంటతో 15 గంటల 40 నిమిషాలు. టికెట్టు మీద ఇంతకన్నా కాస్త ఎక్కువే రాసి ఉంటుంది, ఆలస్యాలకు వాళ్లు జాగా వదులుకుంటారు. రాజమండ్రి, హైదరాబాద్ మధ్య రెక్కలకు పంకాలుండే చిన్న ఏటీఆర్ విమానమైతే 850 కాదు, 500తో భాగించండి. అరగంటతో కలిపి గంటంబావు.

వెళ్లేటప్పటికీ వచ్చేటప్పటికీ టైం ఒకటే ఉండదు. దుబాయ్ నుంచి డల్లాస్‌కు 16 గంటలు దాటితే, వచ్చేటప్పుడు పద్నాలుగున్నర గంటల దగ్గర తేలుతుంది. ఆ ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు బలంగా వీచే గాలివాటం ఉంటుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. పడవకు తెరచాప ఎత్తినవాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు, వాలుగాలికి పడవ ఉరుకుతుంది, ఎదురుగాలికి గడ వేయాలి. తిరుగు ప్రయాణం టికెట్టులో తక్కువ గంటలు చూసి తప్పు పడిందేమోనని టెన్షన్ పడకండి.

7. గడియారాల తేడా

చాలామంది బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. గంటకు 15 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాలు. దేశమంతటికీ ఒకటే టైం పెట్టుకోవడానికి మనం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని తీసుకున్నాం. ఆ గీత మనకు ఎంత దగ్గరంటే, కాకినాడకు కాస్త తూర్పుగా సముద్రంలో నుంచి వచ్చి తుని పక్క నుంచి పోతుంది. అమలాపురం ఆ గీతకు అర డిగ్రీ దూరం, అంటే రెండు నిమిషాలు. ముంబయిలో సూర్యుడు గడియారానికి చాలా వెనకబడి ఉంటాడు. డెల్టాలో మాత్రం సగటున ఇద్దరిదీ ఒకటే మాట.

డల్లాస్ మనకు 179 డిగ్రీల అవతల ఉంది. సూర్యుడి లెక్కన 11 గంటల 56 నిమిషాల తేడా. మనకు మిట్టమధ్యాహ్నమైతే వాళ్లకు అర్ధరాత్రి. కానీ డల్లాస్‌వాళ్లు గడియారం పెట్టుకున్నది 90 డిగ్రీల పశ్చిమ రేఖాంశానికి. వాళ్లుండేదేమో 97 దగ్గర. ఏడు డిగ్రీలంటే 28 నిమిషాలు, ఆ మేరకు వాళ్ల గడియారం సూర్యుడి కన్నా ముందుంటుంది. 12 గంటలు ఉండాల్సిన తేడా పదకొండున్నర అయింది అందుకే. పైగా మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా వాళ్లు గడియారం ఇంకో గంట ముందుకు తోస్తారు. అప్పుడు తేడా పదిన్నర గంటలే.

అంటే శీతాకాలంలో డల్లాస్ మనకన్నా పదకొండున్నర గంటలు వెనక, వేసవిలో పదిన్నర. దుబాయ్ గంటన్నర వెనక. కువైట్, దోహా రెండున్నర గంటలు వెనక. గల్ఫ్ దేశాల్లో ఈ గంట తోసుకోవడాలు లేవు.

టికెట్టు మీద బయల్దేరే టైం బయల్దేరే ఊరిది, దిగే టైం దిగే ఊరిది. రెండింటినీ నేరుగా తీసివేస్తే ప్రయాణం టైం రాదు. డిసెంబరు టికెట్టు ఒకటి ఇలా ఉందనుకుందాం. హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4:20కి ఎక్కి, దుబాయ్‌లో 6:45కి దిగడం. అక్కడ పొద్దున 10:00కి ఎక్కి, డల్లాస్‌లో అదే రోజు సాయంత్రం 4:10కి దిగడం.

మొదటి అంగ చూస్తే 2 గంటల 25 నిమిషాలు. దుబాయ్ వెనక ఉంది కాబట్టి గంటన్నర కలపండి, 3 గంటల 55 నిమిషాలు. రెండో అంగ చూస్తే 6 గంటల 10 నిమిషాలే. దుబాయ్‌కి, డల్లాస్‌కి శీతాకాలంలో తేడా 10 గంటలు. కలిపితే 16 గంటల 10 నిమిషాలు. మధ్యలో దుబాయ్‌లో కూర్చున్నది 3 గంటల 15 నిమిషాలు. మొత్తం 23 గంటల 20 నిమిషాలు.

సరిచూసుకోవడానికి ఇంకో దారి ఉంది. 4:20 నుంచి 16:10 దాకా 11 గంటల 50 నిమిషాలు, దానికి పదకొండున్నర కలిపితే మళ్లీ 23 గంటల 20 నిమిషాలే. రెండు దారుల్లోనూ ఒకటే రావాలి. రాకపోతే ఎక్కడో ఒక ఊరి టైం తప్పుగా తీసుకున్నారన్నమాట. పడమరకు పోతుంటే కలపాలి, తూర్పుకు తిరిగొస్తుంటే తీసేయాలి.

8. తారీఖు దగ్గర ఆగండి

మన విమానాలు చాలావరకు అర్ధరాత్రి తర్వాత లేస్తాయి. మా బాబాయి టికెట్టు మీద 12వ తారీఖు, 00:40 అని ఉంది. ఇంట్లో అందరం కలిసి 12వ తారీఖు ప్రయాణమని ఖాయం చేసుకున్నాం. 11 రాత్రి బస్సెక్కించి, పూతరేకులు, ఊరగాయ జాడీలు, కన్నీళ్లు అన్నీ సవ్యంగా సర్ది పంపించాం. ఆయన 12 పొద్దున్నే హైదరాబాద్‌లో దిగి, మేనత్త ఇంట్లో స్నానం చేసి, రాత్రి విమానానికి ఇంకా బోలెడు టైం ఉందని నిద్రపోయాడు. ఆ విమానం ఆయన బస్సు విజయవాడ కూడా దాటకముందే వెళ్లిపోయింది. కొత్త టికెట్టు ఖర్చు ఇప్పటికీ పెళ్లిళ్లలో కథలా చెప్పుకుంటాం, ఆయన మాత్రం నవ్వడు.

00:40, 2:15, 4:20 లాంటి టైం కనబడితే వెంటనే కాగితం మీద "ముందురోజు రాత్రి" అని పెద్దగా రాయండి. 15వ తారీఖు 4:20 అంటే ఇంట్లోంచి కదిలేది 14నే.

9. గుమ్మం నుంచి గుమ్మానికి

ఇప్పటిదాకా కట్టింది ఆకాశం లెక్క. ఒళ్లు నొప్పులకు కారణమయ్యే లెక్క ఇది.

అమలాపురానికి రైలు లేదు. కోటిపల్లి, నరసాపురం లైను పనులు ఎన్నాళ్లుగా సాగుతున్నాయో డెల్టాలో అందరికీ తెలుసు. కాబట్టి మిగిలినవి రెండు దారులు. రాత్రి బస్సో, కారో పట్టుకుని నేరుగా హైదరాబాద్, సుమారు తొమ్మిది పది గంటలు. లేదా రావులపాలెం మీదుగా మధురపూడి వెళ్లి విమానం. అది 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది, రెండు రెండున్నర గంటలు పెట్టుకోండి. జొన్నాడ వంతెన మీద లారీ ఆగితే ఇంకో అరగంట.

నా మట్టుకు పెద్దవాళ్లు వెళ్తుంటే మధురపూడి విమానమే మంచిదంటాను, డబ్బు కొంచెం ఎక్కువైనా. ఒకటే షరతు. రాజమండ్రి విమానం, అమెరికా విమానం ఒకే టికెట్టులో ఉంటే మొదటిది ఆలస్యమైనా తర్వాతి విమానం చూపించే బాధ్యత వాళ్లది. విడివిడిగా కొంటే ఆ పూచీ మీదే, సామాను కూడా హైదరాబాద్‌లో తీసుకుని మళ్లీ అప్పగించాలి. విడిగా కొన్నప్పుడు మధ్యలో ఆరు గంటలకు తగ్గకుండా చూసుకోండి.

పై ఉదాహరణనే పూర్తి చేద్దాం. 14వ తారీఖు మధ్యాహ్నం 3 గంటలకు అమలాపురంలో కదిలారు. ఏడింటికి మధురపూడిలో ఎక్కి ఎనిమిదింబావుకు శంషాబాద్‌లో దిగారు. విదేశీ విమానానికి మూడు గంటల ముందు కౌంటరు దగ్గర ఉండాలి, అంటే ఒంటిగంట ఇరవైకి. 4:20కి ఎక్కారు. డల్లాస్‌లో దిగేసరికి అక్కడ 15 సాయంత్రం 4:10, మన గడియారంలో 16 తెల్లవారుజామున 3:40. ఇంట్లో కదిలినప్పటి నుంచి 36 గంటల 40 నిమిషాలు. ఇమిగ్రేషన్ వరస, సామాను, అక్కడి నుంచి కారులో డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో అమ్మాయి ఇల్లు, కలిపి రెండున్నర గంటలు. మొత్తం 39 గంటల చిల్లర. అందులో గాల్లో ఉన్నది 21 గంటల 20 నిమిషాలే. "రెండు రోజులు పోతాయమ్మా" అన్నావిడ అందరికన్నా సరిగ్గా చెప్పింది.

న్యూయార్కో, చికాగోనో మీదుగా టికెట్టు ఉంటే ఇమిగ్రేషన్ ఆ మొదటి ఊళ్లోనే అవుతుంది. సామాను కూడా అక్కడే తీసుకుని మళ్లీ అప్పగించాలి, మూడు గంటలకు తక్కువ ఉంటే ఉరుకులు పరుగులే. అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే ముగిస్తారు, అప్పుడు టైం అక్కడ ఎక్కువ కావాలి, డల్లాస్‌లో తక్కువ.

10. కాగితం రాసి చేతికివ్వండి

ఫోన్ చార్జింగ్ అయిపోతుంది, వైఫై దొరకదు. పోస్టుకార్డంత కాగితం మీద నాలుగు వరసలు రాసి అమ్మ హ్యాండ్‌బ్యాగులో పెట్టండి. ఒక్కో వరసలో ఊరు, అక్కడి టైం, పక్కన మన టైం. దుబాయ్ 6:45 (మనకు 8:15), దుబాయ్ 10:00 (మనకు 11:30), డల్లాస్ 4:10 సాయంత్రం (మనకు 3:40 తెల్లవారుజాము). బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు పక్కన రాసిన ఈ మన టైమే ముఖ్యం. పూటలు తారుమారవుతాయి కాబట్టి ఎన్ని గంటలకోసారి వేసుకోవాలో డాక్టరుగారిని ముందే అడిగి అదే కాగితం వెనక రాయండి. ఇంకో కాపీ ఇంట్లో నాన్న దగ్గర ఉంటే "ఇంకా దిగలేదేంటి" అని రాత్రంతా ఫోన్లు చేయరు.

ముళ్ల వాచీ పెట్టుకునేవాళ్లకు ఇంకో సులువుంది. శీతాకాలంలో తేడా పదకొండున్నర గంటలు కాబట్టి, డల్లాస్‌లో దిగగానే ముల్లును అరగంట ముందుకు తిప్పితే సరిపోతుంది. 3:40 కాస్తా 4:10 అవుతుంది, రాత్రి పగలవుతుంది. వేసవిలో అయితే గంటన్నర ముందుకు. మా అమ్మ ఆ అరగంట కూడా తిప్పలేదు. అక్కడున్న నాలుగు నెలలూ వాచీ మన ఊరి టైంలోనే ఉంచి, అల్లుడు టైం అడిగితే అరగంట కలిపి చెప్పేది.